13 మి.మీ. తోలు ముక్క: పూల్ క్యూ టిప్ మార్పు, ఐదు వారాల డైరీ

నా క్యూకి (పూల్ ఆటలో బంతిని కొట్టే కర్ర) టిప్ (దాని కొసన అతికించే తోలు ముక్క) నేనే మార్చుకుందామని కూర్చున్నాక ఆరు టిప్పులు వాడాను. అందులో నాలుగు పాడయ్యాయి. ఏది ఎందుకు పాడైందో ఆ రోజుకారోజు నోట్‌బుక్‌లో రాసుకున్నాను, దాన్నే ఇక్కడ సాఫు చేసి పెడుతున్నాను. ఇంట్లో టిప్ మార్చుకోవాలనుకునే వాళ్లు దశ 2, దశ 3 మాత్రం వదలకుండా చదవండి. మిగతావి చదవకపోయినా పని నడుస్తుంది.

క్యూ వివరాలు: రెండు ముక్కల మేపుల్ పూల్ క్యూ, 58 అంగుళాలు, 19 ఔన్సులు. చివర తెల్లటి ఫెర్రూల్ (టిప్ కూర్చునే తొడుగు), వ్యాసం 13.0 మి.మీ. ఫెర్రూల్ నుంచి ఒక అడుగు దాకా కర్ర దాదాపు ఒకే లావు. ఆడేది హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి పార్లర్‌లో. కొలతలన్నీ వెర్నియర్‌తో తీసినవే.

దశ 0: పాత టిప్

ఎత్తు 2.6 మి.మీ. అంచు పుట్టగొడుగులా బయటికి ఉబ్బి వెడల్పు 13.8కి చేరింది. పైన దాదాపు చదును. పది రూపాయల బిళ్ల వ్యాసం 27 మి.మీ. కదా, దాన్ని పక్కన పెట్టి చూస్తే టిప్ వంపు దానికంటే కూడా పల్చగా ఉంది.

టిప్ బాగుందో లేదో చేతి ఫీలింగుతో తేల్చుకోకూడదని ఒక పరీక్ష పెట్టుకున్నాను. ప్రతి టిప్‌కీ ఇదే:

1. చారల బంతి ఒకటి తీసుకుని, చార అడ్డంగా ఉండేలా టేబుల్ మీద పెట్టాలి. తెల్ల బంతికి బదులు దీన్నే కొట్టాలి.
2. చార కింది అంచుకి కాస్త పైన తగిలేలా, మధ్యస్థ వేగంతో, వెనక్కి లాగే షాట్ కొట్టాలి.
3. ప్రతి షాట్‌కీ టిప్‌కి చాక్ (జారకుండా పట్టునిచ్చే గరుకు పొడి) పెట్టాలి. బంతి మీద చాక్ మచ్చ ఎక్కడ పడిందో చూసి, తుడిచి, మళ్లీ పెట్టాలి.
4. 50 షాట్లు. ఎన్ని మిస్‌క్యూ (టిప్ బంతి మీద జారిపోవడం) అయ్యాయో లెక్క.

చారల బంతే ఎందుకంటే, చార వెడల్పు మామూలుగా బంతి వ్యాసంలో సగం ఉంటుంది. పూల్ బంతి వ్యాసం 57.15 మి.మీ. అంటే చార అంచు, మధ్య నుంచి సుమారు 14 మి.మీ. దూరంలో ఉంటుంది. చాక్ పెట్టిన తోలు టిప్ జారకుండా పట్టుకోగలిగే హద్దు కూడా ఇంచుమించు అక్కడే. ఆ గీత దాటితే ఎంత మంచి టిప్ అయినా జారుతుంది. గీత లోపల జారిందంటే టిప్‌నో చేతినో చూసుకోవాలి.

పాత టిప్: 50కి 11 మిస్‌క్యూలు.

దశ 1: మొదటి టిప్, 28వ షాట్‌కి ఊడింది

టిప్ ఎంపిక గురించి కొంచెం చెప్పాలి. స్థూలంగా రెండు రకాలు. ఒకే తోలు ముక్కను ఒత్తి చేసినవి: ఎల్క్ మాస్టర్, ట్రయాంగిల్, లె ప్రొఫెషనల్ లాంటివి. పల్చటి తోలు పొరలను, ఎక్కువగా పంది తోలు, ఒకదాని మీద ఒకటి అతికించి చేసినవి: మూరి, కముయ్ లాంటివి. మెత్తన, మధ్యస్థం, గట్టి అని డబ్బా మీద రాసుంటుంది కానీ దానికి అందరూ పాటించే కొలత లేదు. ఒక కంపెనీ మధ్యస్థం ఇంకో కంపెనీ మెత్తనకి సమానం కావచ్చు. పని నేర్చుకోవడానికి చవకగా ఉండాలని ఒత్తుడు రకంలో మెత్తటి నీలం టిప్పులు ఐదు కొన్నాను.

చేసిన పని: పాత టిప్‌ను కట్టర్‌తో కోసేసి, ఫెర్రూల్ మీది పాత జిగురును 120 నంబర్ సాండ్ పేపర్ చేత్తో పట్టుకుని గీకాను. పల్చటి సూపర్ గ్లూ రెండు చుక్కలు వేసి, టిప్ అదిమి పట్టి, రాత్రంతా వదిలేశాను.

మర్నాడు పార్లర్‌లో చప్పుడు మొదటి షాట్ నుంచే తేడాగా ఉంది. టక్ మనాల్సింది డబ్ మంటోంది. 27 షాట్లకి 4 మిస్‌క్యూలు. 28వ షాట్‌కి టిప్ ఊడి టేబుల్ మీద దొర్లింది.

ఊడిన టిప్ అడుగు తిప్పి చూస్తే మధ్యలో కందిపప్పంత మేర మాత్రమే జిగురు అంటుకుని మెరుస్తోంది. చుట్టూ తోలు పొడిగా, ఈక ఈకగా ఉంది. జిగురు మంచిది కాదని నేను అనుకుంటుంటే, పార్లర్‌లో మార్కర్ (టేబుళ్లు చూసుకునే మనిషి) అన్న షాఫ్ట్ (క్యూ ముందు ముక్క) తీసుకున్నాడు. ఆయన ఇరవై ఏళ్ల పైగా ఈ పనిలో ఉన్నాడు. స్టీలు స్కేలు అంచును ఫెర్రూల్ మీద నిలబెట్టి, ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి నాకు చూపించాడు.

"తమ్మీ, నువ్వు టిప్పునే చూస్తున్నవ్. టిప్‌ది ఏం తప్పు లేదు. కింద సీటు చూడు."

స్కేలుకీ ఫెర్రూల్‌కీ మధ్య రెండు పక్కలా వెలుతురు వస్తోంది. మధ్య మాత్రమే ఆనుతోంది. చేత్తో సాండ్ పేపర్ పట్టుకుని గీకితే వేళ్లు మెత్తగా వంగుతాయి, అంచులు ఎక్కువ అరుగుతాయి, ఫెర్రూల్ తల గుండ్రమవుతుంది. చదునుగా ఉండే టిప్ అడుగు ఆ గుండ్రం మీద ఒక్క చోటే కూర్చుంటుంది. ఆ వెలుతురు గీత చూసిన తరువాత టిప్ బ్రాండుల గురించి చదవడం ఆపేశాను.

ఖర్చు: టిప్పులు 300, గ్లూ 20, సాండ్ పేపర్లు (120, 220, 600) 45, కట్టర్ బ్లేడ్లు 40. మొత్తం రూ. 405. సమయం 1 గంట.

దశ 2: సీటు చదును చేయడం

వడ్రంగి దగ్గర 40 మి.మీ. మందం టేకు ముక్క తీసుకుని, డ్రిల్ స్టాండ్ మీద నిలువుగా 13 మి.మీ. రంధ్రం వేయించాను. చేతి డ్రిల్‌తో వేయనివ్వకండి, రంధ్రం ఏ కొంచెం వాలినా సీటు కూడా అంతే వాలుతుంది. రంధ్రం 13.2 వచ్చింది, షాఫ్ట్ లోపల కదులుతోంది. షాఫ్ట్‌కి ఒక చుట్టు మాస్కింగ్ టేప్ వేస్తే బిగుతుగా సరిపోయింది.

ఇక్కడ కూడా ఒకసారి తప్పు చేశాను. అద్దం ముక్క మీద సాండ్ పేపర్ పరిచి, చెక్క ముక్క దాని మీద పెట్టి, రంధ్రంలో షాఫ్ట్ నిలబెట్టి, ఉన్నచోటే గిరగిరా తిప్పాను. అంచు వేగంగా తిరుగుతుంది, నడిమధ్య దాదాపు కదలదు. అందుకని మధ్యలో చిన్న బొడిపె మిగిలిపోయింది. మళ్లీ స్కేలు పెడితే మళ్లీ అదే వెలుతురు.

పనిచేసిన పద్ధతి:

1. షాఫ్ట్‌ను చెక్కలో దించి ఫెర్రూల్ పేపర్‌కి ఆనేలా పట్టుకోవాలి.
2. చెక్క, షాఫ్ట్ రెండూ కలిపి పేపర్ మీద తిన్నగా ముందుకీ వెనక్కీ జరపాలి. తిప్పకూడదు.
3. ఐదు గీతలకోసారి షాఫ్ట్‌ను పావు వంతు తిప్పాలి.
4. ముందు పెన్సిల్‌తో ఫెర్రూల్ తల మీద అడ్డదిడ్డంగా గీతలు గీసుకోవాలి. గీతలన్నీ పోయాక స్కేలు పెట్టి చూడాలి. నాకు 60 గీతలు పట్టాయి.

ఫెర్రూల్ పొడవు 25.1 నుంచి 24.7కి తగ్గింది. సీటు మొదటిసారే సరిగ్గా చేసి ఉంటే ఇంత పోయేది కాదు. ఫెర్రూల్ మళ్లీ పెరగదు, ఈ పని జాగ్రత్తగా చేయండి.

రెండో టిప్ అడుగును కూడా అదే పేపర్ మీద రుద్దాను. ఈసారి పల్చటి గ్లూ కాకుండా జెల్ రకం. మెత్తటి తోలు పల్చటి గ్లూను పీల్చేసుకుంటుంది, అతుకు దగ్గర మిగలదు. జెల్ పూసి, టిప్ పెట్టి, కొంచెం అటూ ఇటూ తిప్పి మధ్యకు సర్ది, షాఫ్ట్ తలకిందులుగా నిలబెట్టి పది నిమిషాలు అదిమాను. మర్నాటి దాకా ముట్టుకోలేదు.

తరువాత పని అంచు కోయడం. టిప్ 14 మి.మీ., ఫెర్రూల్ 13. టిప్ వైపు నుంచి ఫెర్రూల్ వైపు కోయబోతే బ్లేడు ఫెర్రూల్‌లో దిగింది, జుట్టంత గాటు. సరైన దిశ దానికి ఎదురు: షాఫ్ట్‌ను తలకిందులు చేసి టిప్‌ను కూరగాయల చెక్కలాంటి దాని మీద ఆనించాలి, ఫెర్రూల్‌కి రెండు చుట్లు టేప్ వేయాలి, బ్లేడును ఫెర్రూల్‌కి సమాంతరంగా ఉంచి కిందికి, చెక్క వైపుకు కోయాలి. గోళ్లు తీసినట్టు పల్చగా, కొంచెం కొంచెం.

టిప్ అతుకు గట్టిగా నిలిచింది. చప్పుడు టక్ మంటోంది. వంపు మాత్రం కంటి అంచనాతో చేత్తో అరగదీసినది. 50కి 6 మిస్‌క్యూలు. మూడు రోజులు ఆడాక వెడల్పు 13.0 నుంచి 13.5 అయింది.

ఖర్చు: చెక్క, రంధ్రం 100, జెల్ గ్లూ 90. మొత్తం రూ. 595. సమయం 3 గంటల 30 నిమిషాలు.

దశ 3: వంపు ఎంత ఉండాలి, దాన్ని ఎలా తేవాలి

పూల్ ఆడేవాళ్లలో అమెరికా కొలతలు చెలామణిలో ఉన్నాయి: నికెల్ వంపు, డైమ్ వంపు. అంటే టిప్ పక్కనుంచి చూస్తే దాని వంపు ఆ బిళ్ల అంచుతో కలవాలి. నికెల్ వ్యాసం 21.21 మి.మీ., డైమ్ 17.91. మన దగ్గర 2011 నమూనా రూపాయి బిళ్ల 21.9 ఉంది, నికెల్‌కి దగ్గర. అదే నమూనా యాభై పైసల బిళ్ల 19, డైమ్ కంటే కాస్త పెద్దది. కొత్తగా వచ్చిన రూపాయి 20 మి.మీ. కాబట్టి జేబులో చేతికొచ్చిన రూపాయి తీసి వాడకండి, కొలిచి వాడండి.

ఏ వంపు కావాలో నాకు ఒక చిన్న లెక్కతో అర్థమైంది. బంతిని హద్దు దగ్గర, అంటే దాని వ్యాసార్థంలో సగం దూరంలో కొట్టినప్పుడు, టిప్ మీద తగిలే చోటు టిప్ మధ్య నుంచి టిప్ వంపు వ్యాసార్థంలో సగం దూరంలో ఉంటుంది. రెండు గుండ్రాలు ఆనేటప్పుడు వాటి వాలు ఒకటే కావాలి, అంతే. 13 మి.మీ. టిప్‌కి మధ్య నుంచి అంచు 6.5.

పది రూపాయల వంపు: 13.5లో సగం 6.75. అంచు దాటిపోయింది.
రూపాయి వంపు: 10.95లో సగం 5.5. అంచుకి 1 మి.మీ. లోపల.
యాభై పైసల వంపు: 9.5లో సగం 4.75. అంచుకి 1.75 లోపల.

నా పాత టిప్ పది రూపాయల కంటే చదును. చార అంచు దగ్గర కొట్టిన ప్రతిసారీ బంతికి తగిలింది వంపు కాదు, టిప్ అంచు. 11 మిస్‌క్యూలు నా చేతి తప్పేనని నెలల తరబడి అనుకున్నాను. ఈ మూడు వరుసలు రాసుకున్న రాత్రి మనసు తేలికపడింది.

స్నూకర్ వాళ్లు గమనించాలి: మీ టిప్ 9.5 అయితే మధ్య నుంచి అంచు 4.75 మాత్రమే. రూపాయి వంపు మీకు సరిపోదు, ఇంకా గుండ్రంగా కావాలి.

రూపాయి వంపు తేవడానికి షేపర్ (టిప్‌ను అరగదీసి వంపు తెచ్చే పనిముట్టు) కొనకుండా గోలీతో చేశాను. కిరాణా కొట్లో మూడు సైజుల గోలీలు: 15.8, 22.5, 24.7. మధ్యది తీసుకున్నాను. సాండ్ పేపర్ మందం 0.35, రెండు పక్కలా పోతే గుంట 21.8 మిగులుతుంది, రూపాయికి అతి దగ్గర.

1. పీవీసీ పైపు ఎండ్ క్యాప్‌లో ఎం-సీల్ కలిపి నింపాలి.
2. గోలీకి కొబ్బరి నూనె పల్చగా రాసి, 7 మి.మీ. లోతు మాత్రమే అదమాలి. సగం దాటితే బయటికి రాదు.
3. గంటన్నర తరువాత గోలీ తీయాలి. గుంటను సబ్బుతో కడగాలి.
4. 120 నంబర్ సాండ్ పేపర్‌ను గన్నేరు పువ్వులా ఐదు రెక్కలుగా కత్తిరించి గుంటలో అతికించాలి.

మొదటిసారి నూనె రాయలేదు, గోలీ ఎం-సీల్‌లో ఉండిపోయింది. రెండోసారి ప్లాస్టిక్ కవర్ చుట్టాను, దాని ముడతలన్నీ గుంటలో అచ్చుపడ్డాయి. మూడోసారి నూనెతో కుదిరింది.

వాడేటప్పుడు గట్టిగా నొక్కకూడదు. ఇరవై తిప్పులకోసారి రూపాయి బిళ్లను టిప్ వెనక పెట్టి ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా చూడాలి. రెండు వంపులూ ఒక గీతగా కలిసినప్పుడు ఆపేయాలి. రెండో టిప్‌ను ఇలా సరిచేశాక 50కి 2 మిస్‌క్యూలు. ఆ రెండూ నేను చార దాటి కొట్టినవే, చాక్ మచ్చ గీత కింద పడింది. కానీ వారం తిరిగేసరికి వెడల్పు 13.6. ఉబ్బిన అంచు కోస్తే ఎత్తు తగ్గుతుంది. మూడుసార్లు కోసి, రెండుసార్లు వంపు తెచ్చాక పక్క గోడ (ఫెర్రూల్ నుంచి వంపు మొదలయ్యే దాకా టిప్ ఎత్తు) 0.8 మిగిలింది, తీసేశాను.

ఖర్చు: గోలీలు 30, ఎం-సీల్ 40, ఎండ్ క్యాప్ 15. మొత్తం రూ. 680. సమయం 5 గంటల 30 నిమిషాలు.

దశ 4: పాలు

మెత్తటి టిప్ ఉబ్బకుండా పాలల్లో నానబెట్టి, ఒత్తి, ఆరబెట్టే అలవాటు పూల్ ఆటగాళ్లలో ఉంది. మిగిలిన మూడు నీలం టిప్పుల్లో ఒకటి గ్లాసుడు పాలల్లో వేశాను.

"పాలల్లో ఏం నానేశావురా?" అంది అమ్మ.

తోలు అని చెప్పగానే, తినే వస్తువుల మధ్య ఫ్రిజ్‌లో పెట్టడానికి వీల్లేదంది. ఆ మాట న్యాయమే. బయట పెట్టాను. తెల్లారేసరికి పాలు విరిగి, టిప్‌కి ముద్దలు అంటుకుని ఉన్నాయి. కడిగి, సీ-క్లాంపులో రెండు ఇనుప పలకల మధ్య బిగించాను. రెండు రోజుల తరువాత తీస్తే ఒక పక్క 4.6, ఇంకో పక్క 4.1. క్లాంపు దవడలు సమాంతరంగా లేవు. అర మిల్లీమీటరు వాలిన టిప్‌కి వంపు తెస్తే ఒక పక్క గోడ ఉంటుంది, ఇంకో పక్క ఉండదు. పారేశాను.

నాలుగో టిప్‌కి మార్పులు: ఐస్ వేసిన థర్మాస్ మూతలో పాలు, నాలుగు గంటలకోసారి కొత్త పాలు, మొత్తం 12 గంటలు. బిగించేటప్పుడు టిప్ చుట్టూ 4.5 మి.మీ. మందం వాషర్లు మూడు పెట్టాను, పలకలు వాటి మీద ఆగిపోతాయి. నాలుగు పక్కలా కొలిస్తే 4.5, 4.5, 4.6, 4.5. ఎండలో కాదు, ఫ్యాన్ కింద మూడు రోజులు.

మార్కర్ అన్న తన క్యూకి పెట్టమన్నాడు, అది కూడా 13 మి.మీ. సీటు, జెల్, అంచు కోత, రూపాయి వంపు. ఈసారి పక్క గోడను కూడా రుద్దాను: వేలితో ఒక చుక్క నీళ్లు రాసి, పాత తోలు బెల్టు ముక్కతో గట్టిగా మూడు నిమిషాలు. తడి నీలం మెల్లగా నల్లబడి, గోరు జారేంత నున్నగా అవుతుంది. దశ 2లో ఇది చేయలేదు. ఆ టిప్ ఉబ్బులో కొంత ఇది చేయకపోవడం వల్లే. ఆయన క్యూతో నేను కొట్టిన 50కి 2. వారం తరువాత వెడల్పు 13.1.

ఖర్చు: సీ-క్లాంపు 180. మొత్తం రూ. 860. సమయం 7 గంటలు.

దశ 5: పొరల టిప్, వేడికి విడిపోయింది

ఆర్డర్ పెట్టిన మధ్యస్థం పొరల టిప్పులు రెండు వచ్చాయి. ఎనిమిది పొరలు కంటికి కనిపిస్తాయి, పక్కనుంచి చూస్తే మడతకాజాలా ఉంటుంది. అతికించడంలో ఇబ్బంది లేదు.

దీనికి యాభై పైసల వంపు ప్రయత్నిద్దామనుకున్నాను. నా గోలీ షేపర్ రూపాయి వంపుది. ఇంకోటి చేసే ఓపిక లేక డ్రిల్‌కి సాండ్ పేపర్ డ్రమ్ము తగిలించి పని మొదలుపెట్టాను. నలభై సెకన్లలో వంపు వచ్చింది. ముట్టుకుంటే టిప్ చురుక్కుమంది. మర్నాడు 19వ షాట్‌కి పై నుంచి మూడో పొర దగ్గర గోరు దూరేంత సందు, ఇంకో ఐదు షాట్లకి పై రెండు పొరలు నాణెంలా లేచిపోయాయి. పొరల మధ్య ఉన్నది కూడా జిగురే, వేడికి మెత్తబడుతుంది. రూ. 650 టిప్ 24 షాట్లకి పోయింది. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ బాధనిపించినది ఇదే. పది నిమిషాల చేతి పనికి నలభై సెకన్ల దారి వెతికాను.

యాభై పైసల వంపును మళ్లీ ప్రయత్నించలేదు. కారణం గోడ ఎత్తు. 13 మి.మీ. టిప్‌లో రూపాయి వంపు తెస్తే మధ్యకీ అంచుకీ తేడా 2.1 మి.మీ., యాభై పైసలకి 2.6. టిప్ మొత్తం ఎత్తు 4.6 అయితే గోడ 2.5 మిగులుతుందా, 2.0 మిగులుతుందా అన్నది తేడా. గోడ 1 దగ్గరికి వస్తే టిప్ మార్చాలి. ఆ అర మిల్లీమీటరు వదులుకోవడం నాకు నచ్చలేదు.

ఖర్చు: టిప్పులు 1,300. మొత్తం రూ. 2,160. సమయం 9 గంటలు.

దశ 6: ఇప్పుడున్న టిప్

రెండో పొరల టిప్. అంతా చేత్తోనే:

1. సీటుకి స్కేలు పరీక్ష. వెలుతురు లేదు.
2. జెల్ గ్లూ, 24 గంటలు.
3. తలకిందులుగా అంచు కోత, తరువాత 220, చివర 600.
4. పక్క గోడకి నీటి చుక్క, బెల్టు ముక్క. నిమిషం రుద్ది, నిమిషం ఆగి. వేడెక్కనివ్వకుండా.
5. గోలీ షేపర్‌లో 140 తిప్పులు, ఏడుసార్లు బిళ్ల పరీక్ష.
6. పైన 120 పేపర్‌తో మెల్లగా తట్టి గరుకు చేయడం.

ఆరోది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ నున్నటి తోలు మీద చాక్ నిలవదు. బిలియర్డ్ చాక్ బడిలో వాడే సుద్ద కాదు. 1897లో స్పింక్స్, హాస్కిన్స్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నప్పటి నుంచి అది సిలికా, అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గరుకు పొడి. ఆ పొడి దాగడానికి తోలులో గుంటలు ఉండాలి. గీకి లాగితే పోగులు తెగుతాయి, తడితే గుంటలు పడతాయి.

మొదటి రోజు: ఎత్తు 4.6, గోడ 2.5, వెడల్పు 13.0. 50కి 1 మిస్‌క్యూ.
పదో రోజు: ఎత్తు 4.5, గోడ 2.4, వెడల్పు 13.0. 50కి 2.
పదిహేనో రోజు: ఎత్తు 4.5, గోడ 2.4, వెడల్పు 13.1. 50కి 1.

అదే రోజు మార్కర్ అన్న పాల టిప్ కూడా కొలిచాను: 13.2, గోడ 1.9, 50కి 2. రూ. 60 టిప్‌కీ రూ. 650 టిప్‌కీ మధ్య నా పరీక్షలో దొరికిన తేడా ఒక మిస్‌క్యూ, 0.1 మి.మీ. ఉబ్బు. ఆయనది పార్లర్ క్యూ, రోజంతా పది చేతులు మారుతుంది కూడా. పొరల టిప్ పెడతానంటే ఆయన వద్దన్నాడు. స్కేలు తీసి మళ్లీ నా ఫెర్రూల్ మీద ఆనించలేడు కదా, టిప్ ఉంది. అందుకని టిప్, ఫెర్రూల్ కలిసే గీత చుట్టూ గోరు తిప్పి చూశాడు. ఎక్కడా గోరు ఆగలేదు.

మొత్తం ఖర్చు రూ. 2,160, సమయం 10 గంటలు. మిగిలింది ఒక నీలం టిప్, చెక్క ముక్క, షేపర్. నా టిప్ గోడ 1.0కి వచ్చిన రోజు, ఆ మిగిలిన నీలం టిప్‌కి పాలు పోస్తాను.